హస్తవాసి అమ్మబడును

బెజవాడ సూర్యారావుపేటలో బోర్డు మారితే ఎవరూ ఆగి చూడరు. ఆ పేటలో మనుషుల కంటే డాక్టర్ల బోర్డులే ఎక్కువ. నలుగురు డాక్టర్లు కలిసి పాతికేళ్లు నడుపుకున్న క్లినిక్ ఒకటి ఈమధ్య ఓ పెద్ద ఆసుపత్రి పరమైంది. డాక్టర్లు వాళ్లే. చీటీ మీది అక్షరాలూ అవే, మెడికల్ షాపు కుర్రాడికి తప్ప పరులకు అర్థం కావు. మారిందల్లా కౌంటరు. ఇదివరకు కాంపౌండరు బాబాయి పొడుగాటి నోటుబుక్కులో ‘గుడివాడ ఆవిడ, మోకాళ్లు’ అని రాసుకునేవాడు. డబ్బు తక్కువైతే పేరు పక్కన సున్నా చుట్టేవాడు, ధాన్యం అమ్మాక ఇస్తారని. కంప్యూటర్లో సున్నా చుట్టే చోటు లేదు.

“మరి ఆ బాకీలేమయ్యాయి బాబాయ్?”

“ఆడిటర్లు వచ్చి పుస్తకం పట్టుకెళ్లారండీ. బాకీలు రావని కొట్టేశారు. ఫోన్ నంబర్లు మాత్రం ఒక్కటి వదలకుండా ఎక్కించుకున్నారు.”

ఏసీలకింత, ఎక్స్‌రే మిషనుకింత, బల్లలకింత అని లెక్క కట్టాక కూడా బేరంలో బోలెడు సొమ్ము మిగిలిందట. దాన్ని గుడ్‌విల్ పద్దులో వేశారు. అవనిగడ్డలో బస్సెక్కి ఆ డాక్టరు గారి చెయ్యి పడితే చాలని వచ్చే ముసలమ్మ నమ్మకం అన్నమాట. అమ్మినవారు సంతకం పెట్టారు, కొన్నవారు సంతకం పెట్టారు, ముసలమ్మ వేలిముద్ర ఎవరికీ అవసరం పడలేదు. పది సెంట్ల పొలం చేతులు మారాలన్నా ఈసీ తీయించే ఊళ్లు మనవి.

సర్కారు చూడదా అంటే, ఎందుకు చూడదు? 2002 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం ఉంది. డీఎంహెచ్‌వో ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి, సర్టిఫికెట్ గోడకు తగిలించాలి. పడకలెన్నో, నర్సులెందరో అడుగుతారు. కంపెనీలో వాటాలు అమ్ముడైతే మాత్రం సర్టిఫికెట్ మీద పేరు మారదు. పేరు మారనప్పుడు గోడకేం తెలుస్తుంది!

పైన ఢిల్లీలో కాంపిటీషన్ కమిషన్ ఉంది. దాని గుమ్మం ఎత్తు. అమ్ముడుపోయే సంస్థకు 450 కోట్లకు మించిన ఆస్తులూ, 1,250 కోట్లకు మించిన టర్నోవరూ రెండూ ఉంటే తప్ప, లేదా బేరమే 2,000 కోట్లు దాటితే తప్ప లోపలికి రానక్కర్లేదు. మన పేటలోని నర్సింగ్ హోములన్నీ ఒక్కొక్కటిగా కొనుక్కుంటూ పోయినా ఆ గుమ్మం తగలదు. తగిలితే దరఖాస్తు రుసుము 30 లక్షలు, పెద్ద దరఖాస్తుకు 90 లక్షలు. పెద్ద చేపలకు మాత్రమే సరిపోయే వల అది, కొల్లేరులో వేసి లాభం లేదు.

పెద్ద చేపలూ మన దగ్గరున్నాయి లెండి. బెజవాడలో ఎదిగిన రమేష్ హాస్పిటల్స్‌లో 51 శాతం వాటా 2016లో ఆస్టర్ వారు తీసుకున్నారు. 2024 నవంబరులో ఆ ఆస్టరూ, బ్లాక్‌స్టోన్ చేతిలో ఉన్న క్వాలిటీ కేరూ కలుస్తున్నామన్నాయి. 2025లో కమిషన్ సరేనంది. అంతా చట్టప్రకారమే. బందరు కాలువ గట్టు మీద వచ్చిన గుండెనొప్పికి న్యూయార్క్ దాకా చుట్టరికం కలిసింది.

సొంతంగా ఓ పర్యవేక్షణ మండలి పెట్టుకోవచ్చుగా అంటే రాష్ట్రం దగ్గర సిద్ధంగా ఉన్న మాట ఒకటే: ఖర్చు. నిజమే. మండలికి ఛైర్మన్ కావాలి. ఛైర్మన్‌కు ఇన్నోవా, ఇన్నోవాకు డ్రైవరు, కుర్చీ మీదికి తెల్ల తువ్వాలు, తువ్వాలు ఉతికించడానికి ఔట్‌సోర్సింగ్ టెండరు. తర్వాత అధ్యయనానికి సింగపూర్ యాత్ర. ఈ చివరి పద్దు మిగుల్చుకోవచ్చు. బ్యారేజీ దాటి తాడేపల్లి వెళితే చాలు. అక్కడి మణిపాల్ ఆసుపత్రి గ్రూపులో 2023లో 59 శాతానికి వాటా పెంచుకున్న టెమాసెక్, సింగపూర్ ప్రభుత్వపు పెట్టుబడి సంస్థే. సింగపూర్ కంపెనీలు అమరావతి స్టార్టప్ ఏరియా వదిలేసుకుని 2019లో వెళ్లిపోయాయని బాధపడ్డాం. సర్కారు వైద్యం కావాలని అడిగాం, వచ్చింది. ఏ సర్కారుదో చెప్పలేదు, అంతే.

మన డాక్టర్ల పిల్లలు కాపురముండే అమెరికాలో ఆరెగన్ అనే రాష్ట్రం ఈ ఖర్చు చిక్కును తేలిగ్గా విప్పింది. 2022 మార్చి నుంచి అక్కడ ఓ స్థాయికి మించిన ఆసుపత్రులు, డాక్టర్ల గ్రూపులు చేతులు మారాలంటే ముందు రాష్ట్రానికి చెప్పాలి. పరిశీలన రుసుము బేరగాళ్లే కట్టాలి, 2,000 డాలర్ల నుంచి లక్ష దాకా. కాగితాలు జనం ముందు పెడతారు. ఒప్పుకున్నాక కూడా ఏడాదికి, రెండేళ్లకు, ఐదేళ్లకు మళ్లీ వెళ్లి చూస్తారు. అక్కడంతా స్వర్గమని కాదు. కొర్వాలిస్ అనే ఊళ్లో డాక్టర్ల క్లినిక్‌ను యునైటెడ్‌హెల్త్ వారి ఆప్టమ్ కొంటానంది. జనం వందల అభ్యంతరాలు రాశారు. ఇంతలో, 2024లో, బిల్లులు నడిపే చేంజ్ హెల్త్‌కేర్ మీద సైబర్ దాడి జరిగి క్లినిక్‌కు డబ్బాడటం ఆగింది, మునిగిపోతామంది, అత్యవసరం కింద అనుమతి వచ్చేసింది. ఆ చేంజ్ హెల్త్‌కేర్ ఎవరిదయ్యా అంటే, అదీ యునైటెడ్‌హెల్త్ వారిదే. అయినా అక్కడ ఎవరు ఎవర్ని కొన్నారో ఊరికి తెలిసింది. అడిగే హక్కుకు రసీదైనా ఉంది.

మనమూ అలాగే రుసుము పెట్టి, మండలి తొలి సమావేశానికి కొనుగోలుదారుణ్ణి పిలిచామనుకోండి. 2025 అక్టోబరులో సర్కారు ఎన్టీఆర్ వైద్య సేవ పథకం బకాయిలు ఇవ్వలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపిన సంగతి అందరికీ గుర్తే. ఛైర్మన్ గొంతు సవరించుకుని, “పరిశీలన రుసుము కట్టారా?” అంటారు.

“ఎందుకు కట్టమండీ, మీరు మాకివ్వాల్సిన దాంట్లో మినహాయించుకోండి. మిగిలింది ఎప్పుడిస్తారో ఆ మినిట్స్‌లో రాయించండి.”