ఆరోవాడికి అమ్మ లేదా?

ఐదుగురు క్యూబా గూఢచారులు 1998లో మయామీలో దొరికిపోయారు. ఇక హవానా గోడల నిండా వాళ్ల బొమ్మలే. వీరులట! వాళ్ల తల్లులూ భార్యలూ దేశదేశాలు తిరిగి కన్నీళ్లు పెట్టుకున్నారు. జైల్లో ఉన్న గెరార్డో హెర్నాండెజ్‌ను చూడ్డానికి ఆయన భార్యకు అమెరికా వీసా ఇవ్వలేదు. కాపురాలు కూలుస్తారా అని క్యూబా సర్కారు గుండెలు బాదుకుంది. నిజమే, అన్యాయమే.

అదే హవానాలో డానిలో మాల్డొనాడో స్ప్రే డబ్బా పట్టాడు. గోడల మీద 'ఎల్ సెక్స్టో' అని సంతకం చేశాడు. అంటే ఆరోవాడు. ఐదుగురికే అంత మర్యాదా? నన్నూ రాసుకోండి!

రాసుకున్నారు, ఎఫ్‌ఐఆర్‌లో. 2014 డిసెంబర్ 17న ఆ ఐదుగురిలో ఇంకా జైల్లో మిగిలిన ముగ్గురూ ఇల్లు చేరారు. హెర్నాండెజ్ భార్య నిండు గర్భిణి. కృత్రిమ గర్భధారణకు సాయపడింది అమెరికా సెనేటరే! శత్రువుకు ఆపాటి జాలి ఉంది. మరి సొంత సర్కారుకు? వారం తిరిగిందో లేదో, డిసెంబర్ 25న ఆరోవాణ్ని లోపలేశారు.

ఏం చేశాడట? టాక్సీలో రెండు పందుల్ని తీసుకెళ్తున్నాడు. ఒకదాని మీద ఫిడెల్, ఇంకోదాని మీద రౌల్ అని రాసి ఉంది. జనం మధ్యలో వదులుదామనుకున్నాడు. ఫిడెల్ అన్న పేరు క్యూబాలో ఇంకెవరికీ లేదా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. దేశాన్నేలే కాస్ట్రో సోదరుల్ని అవమానించాడని కేసు. పది నెలలు జైలు. విచారణా? అబ్బే, ఆ దండగ ఖర్చెందుకు!

అతనికీ అమ్మ ఉంది. చిన్న కూతురూ ఉంది. కొడుకును వదలండని ఆ తల్లి మొత్తుకుంటే ఏ గోడ మీదా ఆమె బొమ్మ పడలేదు. మన దగ్గర చే గువేరా టీషర్టేసుకుని సంఘీభావ సభల్లో గొంతు చించుకునే పెద్దలున్నారే, వాళ్ల గొంతుకు అప్పుడే జలుబు చేసింది కాబోలు. ఖైదీ తల్లి ఏడుపుకూ పార్టీ కార్డు కావాలా?

2016 నవంబర్‌లో ఫిడెల్ కాస్ట్రో పోయాడు. ఆరోవాడు ఓ హోటల్ గోడ మీద 'వెళ్లిపోయాడు' అని రాశాడు. అబద్ధమా? మళ్లీ పట్టుకెళ్లారు, రెండు నెలలు. ఈసారి నేరం ప్రభుత్వ ఆస్తికి నష్టమట. ఊరంతా సర్కారు నినాదాలు పులిమినప్పుడు ఆ ఆస్తికి లాభమొచ్చిందా?