పద్దులో మా ఊరెక్కడండీ?

"3.22 లక్షల కోట్లంట తాతా!" అని కేకేశాడు మా మనవడు, ఆ డబ్బేదో మా వీధి మొగలో దించేసి పోయినట్టు. 2025 ఫిబ్రవరి 28న ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ గారు చదివిన రాష్ట్ర బడ్జెట్ అది. ఈ కుర్రాళ్లకు అంకె పెద్దదైతే చాలు. అందులో జీతాలు, పింఛన్లు, వడ్డీలు, పథకాలు అన్నీ పోసిన రెవెన్యూ ఖర్చే 2.51 లక్షల కోట్లని, రోడ్లూ రేవులూ గోడలూ కట్టే మూలధన ఖర్చు 40 వేల కోట్ల పైచిలుకేనని చూసినవాడు లేడు. మా ఉప్పాడలో పుట్టినవాడు ముందు వెతకాల్సింది ఆ చిన్న అంకె. సముద్రానికి అడ్డంగా ఒక రాయి పడాలన్నా అందులోంచే పడాలి మరి.

మా రోజుల్లో శాసనసభంటే ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు, మర్నాడు పేపరు. అంతే. బొమ్మ కనపడేది కాదు గానీ మాట వినపడేది. ఒక్కో పద్దు మీదా రోజుల తరబడి వాదులాడుకునేవారు. పుచ్చలపల్లి సుందరయ్య గారు లేచారంటే మంత్రులు కాగితాలు సర్దుకునేవారని చెప్పుకునేవాళ్లం. భుజాన సంచీతో వావిలాల గోపాలకృష్ణయ్య గారు సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు గెలిచి వచ్చింది ప్రశ్నలు అడగడానికే. ఆ వైపున మంత్రులూ తక్కువ తినలేదు లెండి. రోశయ్య గారు 16 సార్లు బడ్జెట్ చదివిన మనిషి. లక్ష కోట్లు దాటించిందీ ఆయనే. ఏ కాగితం చూడకుండా చమత్కారంగా బదులిచ్చి కూర్చోబెట్టేవారు.

ఇప్పుడో? 2021లో అయితే మే 20న ఒక్క రోజు సభ పెట్టి, ఆ ఒక్క రోజులోనే బడ్జెట్ కానిచ్చేశారు. కరోనా అన్నారు, సరే. కరోనా పోయాక మాత్రం ఏం ఒరిగింది? ఒక సభ 2022లో చట్టం చేసి ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టింది. 2024 జూలైలో ఇంకో సభ ఇంకో చట్టం చేసి పాత పేరు తెచ్చింది. అదే వారంలో భూహక్కుల చట్టాన్నీ రద్దు చేశారు. రద్దు మంచిదే, నా సర్వే నంబరు నాకుంది. కానీ చెయ్యడానికో బిల్లు, చెరపడానికో బిల్లు. మధ్యలో మా ఒడ్డు మాత్రం ఏ బిల్లూ లేకుండానే చెరిగిపోతోంది.

మా పిఠాపురం నియోజకవర్గం తక్కువదేం కాదండోయ్. 1999లో సంగిశెట్టి వీరభద్రరావు గారినీ, 2014లో వర్మ గారినీ స్వతంత్రులుగానే గెలిపించిన జనం మేము. 2024లో పవన్ కల్యాణ్ గారిని 70 వేల పైచిలుకు ఆధిక్యంతో పంపాం. ఉప ముఖ్యమంత్రయ్యారు. ఊరంతా బాణసంచా కాల్చాం. నేనూ మెట్టు మీద నిలబడి చూశాను. తర్వాత తీరిగ్గా కూర్చుంటే తట్టింది. మంత్రి అయినవాడు ప్రశ్నోత్తరాల వేళ లేచి ప్రశ్న అడగడు కదా! ఆయన జవాబు చెప్పే వరసలో ఉన్నారు. ఎదుటి వరసలో ఉండాల్సిన 11 మంది ప్రతిపక్షం వాళ్లలో వాళ్ల నాయకుడితో సహా సభ గుమ్మం తొక్కేవాళ్లు తక్కువ. మరి ఉప్పాడ తరఫున అడిగేదెవరు?

పవన్ గారు మా ఊరు రాలేదని నేననను. గెలిచిన నెల తిరక్కుండా 2024 జూలైలో వచ్చి తీరం కోత చూసి వెళ్లారు. ఫ్యాక్టరీల నీళ్లతో చేప పోతోందని మావాళ్లు రోడ్డెక్కితే 2025 అక్టోబరులో మళ్లీ వచ్చి 100 రోజుల గడువు చెప్పారు. మా కాలంలో ఇంత పెద్ద పదవిలో ఉన్నవాళ్లు ఈ ఇసకలో నడవడం ఎరగం. కానీ వచ్చి చెప్పిన మాట వేరు, పద్దులో పడ్డ మాట వేరు. మాట ఫోనులో వారం తిరుగుతుంది. పద్దులో పడితే టెండరవుతుంది.

ఖాతాలో వేసే డబ్బు మీద నాకు పేచీ లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆపిన ఇంటికి 20 వేలు ఇస్తున్నారు. ఒకప్పుడది 4 వేలు, తర్వాత 10 వేలు. పెరిగింది, సంతోషం. అయితే ఆ 61 రోజులూ గడిచాక పడవ లాగిపెట్టడానికి ఒడ్డుండాలిగా! నేతగాళ్లకేమో మగ్గానికి 200 యూనిట్ల ఉచిత కరెంటు అన్నారు. మాది గుంట మగ్గం బాబూ, కాళ్లతో తొక్కేది. జామ్దానీ చీర మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని, ఒక్కో బుటాకు ఒక్కో చిన్న కండె చేత్తో దూర్చి, పోగు లెక్క తప్పకుండా పైకి లాగుతారు. అందులో కరెంటు పనేమీ లేదు. ఆ మాటంటే మా కోడలు, "దీపం, ఫ్యాను మీరు తొక్కుతారా మావయ్యా?" అంది. దానికి నేను జవాబు చెప్పలేదు.

పాతరోజుల్లో మాత్రం సముద్రానికి అడ్డుగోడ వచ్చిందా అని అడుగుతారు. రాలేదు. ఉమ్మడి రాష్ట్రంలో ఇసుక నింపిన జియో ట్యూబులు పరిచారు, అవీ చిరిగి చీలికలయ్యాయి. వీధులకు వీధులు నీళ్లలో కలిశాయి. తుపానొస్తే కాకినాడ బీచ్ రోడ్డు కోసుకుపోయి, బండ్లన్నీ పిఠాపురం మీదుగా తిరిగేవి, ఇప్పుడూ తిరుగుతున్నాయి. అప్పటి మంత్రులు చెప్పే "పరిశీలనలో ఉంది" అన్న ఒక్క ముక్కా సభ రికార్డులో అచ్చయ్యేది. దాన్ని పట్టుకుని మళ్లీ ఏడాది నిలదీసేందుకు వీలుండేది.

అందుకే ఒకటే అడుగుతున్నాను. ఈసారి బడ్జెట్ సమావేశాల్లో పక్క నియోజకవర్గం సభ్యుడి చేతైనా సరే, ఒక ప్రశ్న వేయించండి. ఉప్పాడ తీరం రక్షణ జలవనరుల పద్దులో ఉందా, రోడ్లు భవనాల పద్దులో ఉందా, విపత్తుల పద్దులో ఉందా? ఉంటే ఈ ఏడాదికి ఎంత? తుపాన్ల కాలం లోపు ఎన్ని మీటర్లు?