ఒక గుక్కకు టీకా తాత్పర్యం

మూలం

గాజు గిన్నెను మునివేళ్ళఁ గదిపి తిప్పి
ముక్కు దూరిచి యొకసారి మూరుకొనుచుఁ
జిన్న గుక్కను బుగ్గలఁ జిలికి చిలికి
యుమిసి వెల యిచ్చి మెచ్చుట యుత్సవంబు.

ఛందస్సు తేటగీతి. కవి ఈ వ్యాసకర్తే. వ్యాఖ్యాత కూడా ఆయనే. పద్యం రాసి నెల తిరిగినా టీకా రాస్తామని ఎవరూ ముందుకు రాకపోవడం వల్ల ఆ పనీ కవి నెత్తినే పడింది.

ప్రతిపదార్థం

గాజు గిన్నెను = సన్నని కాడ మీద నిలబెట్టిన గ్లాసును; మునివేళ్ళన్ = ఆ కాడను మాత్రమే పట్టుకొన్న వేళ్ళ కొసలతో; కదిపి తిప్పి = లోపలి వైన్ సుడి తిరుగునట్లును, చొక్కా మీద పడకుండునట్లును ఆడించి; ముక్కు దూరిచి = గ్లాసు అంచు నొసటికి తగులువఱకు ముక్కు పెట్టి; ఒకసారి మూరుకొనుచున్ = వాసన చూచుచు (‘ఒకసారి’ పాదపూరణము; నిజమునకు నాలుగుసార్లు); చిన్న గుక్కను = ఔన్సులో మూడవ వంతును; బుగ్గలన్ = దవడల నడుమ; చిలికి చిలికి = పుక్కిలింతకు కొంచెము తక్కువగా త్రిప్పి; ఉమిసి = ప్రక్కనున్న పడిగలో వదలి; వెల ఇచ్చి = కార్డు గీకి; మెచ్చుట = ఆహా యనుట; ఉత్సవంబు = పండుగ.

తాత్పర్యం

తాగడానికి పోసిన దాన్ని తాగక, ఉమ్మి, అందుకు డబ్బిచ్చి, పైగా బాగుందని చెప్పి రావడం కాలిఫోర్నియాలో సెలవురోజు వేడుక అని భావం.

విశేషాలు

ముందు దేశకాలాలు. సెప్టెంబరు నెల, శనివారం. ఊరు లివర్మోర్, శాన్ ఫ్రాన్సిస్కోకు తూర్పున, కొండల మధ్య లోయ. తెలుగువారికి ఈ ఊరు శివవిష్ణు ఆలయం వల్ల తెలుసు. తక్కినవారికి వైన్ వల్ల తెలుసు. రెండింటి మధ్యా కారులో పది పదిహేను నిమిషాలు. పొద్దున గుళ్ళో అరచేతిలో తీర్థం పోయించుకుని, పులిహోర తిని, మధ్యాహ్నం ద్రాక్షతోటల దారి పట్టాం. మేమంటే నేను, మా ఆవిడ, గుంటూరు జిల్లాలో ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు పండితులుగా పనిచేసి రిటైరై మమ్మల్ని చూడడానికి వచ్చిన మా మామగారు. ఆయన కాఫీ తప్ప మరో మత్తు ఎరగరు.

ఆ దారి పేరు టెస్లా రోడ్డు. ఈ పేరు కారు వల్ల వచ్చిందని మన ఇంజనీర్లలో నూటికి తొంభైమంది వ్యాఖ్యానం. అది అపవ్యాఖ్య. ఆ దారి చివర కొండల్లో ఒకప్పుడు బొగ్గుగనుల ఊరు ఉండేది. దాని పేరు టెస్లా. ఆ ఊరికి పేరు నికోలా టెస్లా వల్ల వచ్చింది. కారుకూ అదే మూలం కనుక రెండూ ఒకే మూలానికి వేర్వేరు టీకాలు.

ఈ లోయలో పెద్ద పేర్లున్న తోటలు ఉన్నాయి. కాన్‌కానన్, వెంటీ అని రెండు కుటుంబాలు పెట్టిన వైనరీలు, రెండూ 1883లో పుట్టినవే. 1920 నుంచి 1933 దాకా దేశమంతటా మద్యనిషేధం అమలైనప్పుడు ఇవి చర్చీల పూజకు వైన్ చేసి బతికాయి. ఈ సంగతి చెప్పగానే మామగారి ముఖం విప్పారింది. "తీర్థం అన్నమాట," అన్నారు. ఆయన లోపలికి అడుగుపెట్టడానికి శాస్త్రసమ్మతమైన దారి దొరికింది.

మేం వెళ్ళింది మాత్రం ఆ పెద్దవాటికి కాదు. రేకుల షెడ్డు, ముందు నాలుగు బల్లలు, ఒక ముసలి కుక్క, వెనక కొన్ని ఎకరాల తోట. తోటా పీపాలూ చూసుకునేది డెబ్భై దాటిన పెద్దాయన. గ్లాసుల్లో పోసేది ఆయన భార్య. లెక్కలు, సీసాల మీది రాతలు కూతురివి.

‘గాజు గిన్నెను’. ‘పాత్రను’ అనవచ్చు కదా, గాజు ఎందుకు? రంగు కనబడాలి కనుక. కాడ ఎందుకు? చేతివేడి తగలకూడదు కనుక. గ్లాసు కింద తెల్లకాగితం పెట్టి వంచి చూడమంది పెద్దాయన భార్య. ‘మునివేళ్ళఁ గదిపి’ దగ్గర, ద్రుతం మీది పరుషానికి సరళం వచ్చింది. మామగారు దీన్ని ఆమోదించారు. ఆయన ఆ రోజు పూర్తిగా ఆమోదించిన విషయాల్లో ఇది మొదటిది.

‘తిప్పి’. తిప్పితే వైన్ గాజుగోడకు పలచగా అంటుకుని వాసనలు లేస్తాయి. గ్లాసు ఆపాక ఆ పొరలోంచి చుక్కలు జారుతాయి. వాటిని ఇంగ్లీషువారిలో కొందరు కాళ్ళు అంటారు, కొందరు కన్నీళ్ళు అంటారు. ఎక్కువ కారితే మంచి వైన్ అని లోకప్రవాదం. దీన్ని ఖండించాలి. పలచటి పొరలోంచి ఆల్కహాల్ ముందు ఆవిరైపోతుంది. మిగిలిన నీటికి తలతన్యత ఎక్కువ. అది కిందనున్న ద్రవాన్ని పైకి లాగుతుంది. పైన బరువెక్కి చుక్కగా జారుతుంది. జేమ్స్ థామ్సన్ అనే ఆయన 1855లోనే ఈ సంగతి తేల్చాడు. కన్నీళ్ళు కారితే అందులో ఆల్కహాల్ ఉందని తెలుస్తుంది, అంతే. నాణ్యతకు సాక్ష్యం కాదు. తెలుగు సినిమాకూ ఇది వర్తిస్తుందని మా ఆవిడ అంది.

‘మూరుకొనుచు’. ఇక్కడే అసలు చిక్కు. బల్ల మీద ఒక చీటీ పెట్టారు. అయిదు వైన్ల పేర్లు, పక్కన ఒక్కోదానికి ఒక్క పంక్తి. మొదటిది సావిన్యాన్ బ్లాంక్, తెల్ల వైన్. దాని పంక్తి ఇది: కోసిన పచ్చగడ్డి, తడిరాయి. మామగారు పూర్వపక్షం మొదలుపెట్టారు. "తడిరాయి రుచి వీళ్ళకెలా తెలిసింది? ప్రత్యక్షమా, అనుమానమా, శబ్దప్రమాణమా?" రాయి సంగతి నేను సమర్థించలేకపోయాను. గడ్డి సంగతి మాత్రం నిజమే. ఆ ద్రాక్షలో పచ్చి వాసన ఇచ్చే పదార్థం ఒకటుంది. పచ్చి క్యాప్సికంలోనూ అదే జాతి పదార్థం. కనుక అది అలంకారం కాదు, స్వభావోక్తి.

"వాసన చూడండి మావయ్యగారూ, తాగక్కర్లేదు," అన్నాను. ఆయన గ్లాసు దగ్గరికి తీసుకుని ఆగిపోయారు. "ఆఘ్రాణం అర్ధభోజనం అన్నారు కదా అల్లుడుగారూ. వాసన చూస్తే సగం తాగినట్టే." కాసేపు ధర్మసందేహం. అర్ధభోజనం అన్నారే గాని అర్ధపానం అనలేదని నేను సిద్ధాంతం చేశాను. ఆయన కళ్ళు మూసుకుని ఒక్కసారి పీల్చి, "పచ్చి ములక్కాడ విరిచిన వాసన," అన్నారు. చీటీలోని గడ్డికంటే ఇది ఎంతో దగ్గర. ఆ మాట పెద్దాయన భార్యకు చెప్పాలని ఉత్సాహపడి ‘డ్రమ్‌స్టిక్’ అన్నాను. ఆమె తన వైన్‌లో కోడికాలు వాసన వస్తోందా అన్నట్టు నా వంక చూసింది. అది సర్దడానికి అయిదు నిమిషాలు పట్టింది. అనువాదకులకు దేవుడే దిక్కు.

‘చిన్న గుక్కను’. పోసేది ఔన్సు, సుమారు 30 మిల్లీలీటర్లు. అయిదు పోతలు కలిస్తే అయిదు ఔన్సులు, అమెరికా లెక్కలో ఒక మామూలు గ్లాసు. గుళ్ళో ఉద్ధరిణితో మూడుసార్లు పోసిన తీర్థం కంటే ఎక్కువ, పెళ్ళిపందిట్లో పానకం కంటే తక్కువ. తెల్లవి ముందు, ఎర్రవి తర్వాత, తీపివి చివర. మన విస్తట్లో తీపి ముందు వస్తుంది. ఎవరి క్రమం వారిది.

‘చిలికి చిలికి’. ద్విరుక్తి ఆధిక్యార్థంలో. నోట్లో తిప్పితే వాసన గొంతు వెనకనుంచి ముక్కుకు ఎక్కుతుంది. నాలుకకు తెలిసేవి నాలుగైదు రుచులే, తక్కిందంతా ముక్కు పనే. ఎర్ర వైన్ దగ్గరికి వచ్చేసరికి ఆమె చాలాసేపు మాట్లాడింది. చిగుళ్ళు ఎండినట్టవుతాయి, నాలుక బిగుసుకున్నట్టవుతుంది, ద్రాక్ష తొక్కలోంచీ గింజలోంచీ వచ్చే టానిన్ ఉమ్మిలోని మాంసకృత్తులను పట్టేస్తుంది, అని చేతులు తిప్పి, పెదవులు బిగించి, గాలిలో బొమ్మలు గీసింది. మామగారు నా వైపు వంగి "ఏమంటుంది?" అన్నారు. "వగరు," అన్నాను. "ఓస్. నేరేడుపండు," అన్నారాయన. ఆమె ఉపన్యాసమంతా మనకు మూడక్షరాల మాట. ప్రతి ఉగాదికీ పచ్చిమామిడి ముక్కతో దాన్ని నాలుక మీద పెట్టుకునే వాళ్ళం. వైన్ మాటలు మనకు లేవని చెప్పేవాళ్ళు ఈ ఒక్క మాటను ఎందుకు మరిచిపోతారో తెలియదు.

నాలుగో గ్లాసు పెటిట్ సిరా. ఈ పదం మీద వ్యాఖ్యాతలు విస్తరించక తప్పదు. పెటిట్ అంటే ఫ్రెంచిలో చిన్న. కాయ చిన్నదే, వైన్ మాత్రం ముదురు. 19వ శతాబ్దంలో ఫ్రాన్సులో దురిఫ్ అనే ఆయన తోటలో దొరికిన రకం; సిరా, పెలూర్సాన్ అనే రెండు జాతుల సంకరమని తర్వాత జన్యుపరీక్షలు చెప్పాయి. సొంత ఊళ్ళో దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఇక్కడికి వచ్చి నిలదొక్కుకుంది. సీసా మీద తన పేరుతో వెలిసింది ఈ లివర్మోర్‌లోనే, 1961 పంటతో. తెలుగులో ‘సిరా’ అంటే రాతకు వాడేది. గ్లాసులోది చూసి మామగారు అదే అన్నారు: "పేరు సార్థకం. కలం ముంచితే రాయొచ్చు." నా పళ్ళు నల్లబడ్డాయి. ఇంత చక్కని శ్లేష ఫ్రెంచివారికి అందకపోవడం వారి దురదృష్టం.

తర్వాత పెద్దాయన మమ్మల్ని వెనక షెడ్డులోకి తీసుకెళ్ళాడు. పీపాలు వరసగా. ఒక్కోటి 225 లీటర్లు, అంటే 300 సీసాలు. ఓకు చెక్కను నిప్పు సెగన వంచి చేస్తారు. ఆ కాలిన చెక్కలోంచే వనిల్లా వాసన. చెక్క సందుల్లోంచి ఏడాదికి కొంత ఆవిరైపోతూ ఉంటుంది, మళ్ళీ నింపుతూ ఉండాలి. పోయిన దాన్ని దేవదూతల వాటా అంటారు అన్నాడాయన. "హవిర్భాగం," అన్నారు మామగారు వెంటనే. ఇద్దరూ ఒకరి మాట ఒకరికి అర్థంకాకుండానే తలలూపుకున్నారు.

తోటలో ఇంకా కోయని గుత్తి ఒకటి తెంపి మామగారి చేతిలో పెట్టాడు. హైదరాబాదు అనబ్‌షాహి ద్రాక్ష ఎరిగిన మనిషి. ఇది శనగగింజంత, మందం తొక్క, నోటినిండా గింజలు, తీపి మాత్రం బెల్లంలా. నమిలి, గింజలు ఉమ్మి, తీర్పు చెప్పారు: "ఇది ద్రాక్షే గాని ద్రాక్షాపాకం కాదు." విద్యానాథుడు ప్రతాపరుద్రీయంలో ద్రాక్షాపాకమనే కవిత్వపాకాన్ని లోపలా బయటా రసం తొణికేదిగా చెప్పాడు. ఈ కాయ బయట తొక్క, లోపల గింజ, నారికేళపాకానికి తమ్ముడు. ఆ ఓరుగల్లు ఆస్థానపండితుడు తిన్నది తినే ద్రాక్ష అయి ఉండాలి, వైన్ ద్రాక్ష కాదు. ఇన్నాళ్ళూ ఈ పాఠం చెప్పిన మామగారికి ఈ అనుమానం లివర్మోర్‌లో వచ్చింది. ఆ ప్రతాపరుద్రీయానికి రత్నాపణమనే వ్యాఖ్య రాసినది మల్లినాథసూరి కుమారుడు కుమారస్వామి. ఆయన బిరుదం సోమపీథి, అంటే సోమపానం చేసినవాడు. వ్యాఖ్యాతల వంశంలో ఇలాంటి పానానికి ఆధారం చూపమంటే నేను ఆ బిరుదాన్నే చూపిస్తాను.

‘మెచ్చుట’. చీటీలో పెటిట్ సిరా పక్కన బ్లాక్‌బెర్రీ, తోలు, మిరియాలు అని ఉంది. నేను ముక్కు పెట్టి మిరియాలు పట్టాను, తోలు ఉందని నమ్మాను, బ్లాక్‌బెర్రీ కోసం వెతుకుతూనే ఉన్నాను. దొరకడం లేదని పెద్దాయనతో ఒప్పుకున్నాను. ఆయన నవ్వి, "అది మా అమ్మాయి రాసింది. నాకైతే ద్రాక్షే తగులుతుంది," అన్నాడు. పెద్ద వైనరీల్లో ఈ జవాబు రాదు. అక్కడ మూలం ఒకరిది, టీకా జీతగాళ్ళది. మనం తాగి వచ్చేది చాలామటుకు టీకానే. ఇక్కడ కవే ఎదురుగా నిలబడి తన పద్యానికి వచ్చిన వ్యాఖ్యను పక్కకు తోశాడు. ఇలాంటి అవకాశం కాళిదాస కావ్యాలకు వ్యాఖ్య రాసిన మల్లినాథుడికి కూడా దక్కలేదు. కాళిదాసు ఆయనకు దొరకలేదు కదా.

‘వెల యిచ్చి’. తలకు 20 డాలర్లు. సీసా కొంటే ఆ సొమ్ము మాఫీ. మాఫీ కోసం 38 డాలర్ల సీసా కొన్నాను. ఇది ఏ అలంకారమో తేల్చలేదు.

పాఠాంతర విచారం

‘ఉమిసి’ అన్న చోట కొన్ని ప్రతుల్లో ‘మింగి’ అని పాఠం ఉందని వినికిడి. ఆ ప్రతులు మా ఇంట్లోనే ఉన్నాయి. మా ఆవిడ కారు నడపాలి కనుక ఏ గ్లాసూ ముట్టలేదు. మామగారు నీళ్ళు తాగారు, ఉప్పు బిస్కట్లు తిన్నారు. ‘ఉమిసి’ కి కర్త పద్యంలో లేడు. అధ్యాహారం చేసుకుంటే మిగిలేది నేనొక్కణ్ణే. మొదటి రెండు గ్లాసులూ పెద్దాయన ఎదుట మర్యాద కోసం పడిగలోకే పంపాను.

ఇంటికి వచ్చాక పద్యం రాసి మామగారికి చూపించాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, "మూడో గ్లాసు నుంచి మీరు ఉమియడం నేను చూళ్ళేదే అల్లుడుగారూ," అన్నారు.

"మింగి అంటే యతి చెడుతుంది మావయ్యగారూ."

ఆయన వేళ్ళ మీద గణాలు లెక్కపెట్టారు. నాలుగో పాదం దగ్గర రెండుసార్లు ఆగారు. తర్వాత జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీసి, కాగితం అడుగున రాసి ఇచ్చారు: పద్యం నిర్దుష్టం. కవి సంగతి వేరు.