తిరుగుతోంది కదా అనుకున్నాను

ఎక్కితే చాలు, సరిగ్గా పెట్టినట్టేనని నమ్మాను. నా తెలివితక్కువతనమంతా అక్కడే మొదలైంది. క్యాబినెట్ ఫ్యాను వైరును మదర్‌బోర్డు మీది హెడర్‌కి గుచ్చడం చూడ్డానికి చాలా చిన్న పని. గాడి ఉంటుంది కాబట్టి తిరగేసి పెడితే ఎక్కదు. మూడు పిన్నుల ఫ్యాను నాలుగు పిన్నుల హెడర్‌కి కూడా ఎక్కుతుంది. ఎక్కిందా, తిరిగిందా, మూత బిగించడమే. బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి సామాన్లు తెచ్చి, మదనపల్లెలో తెలిసినవాళ్లకీ చుట్టాలకీ అలాగే కంప్యూటర్లు అసెంబుల్ చేసిచ్చాను. బోర్డుతో పాటు వచ్చే చిన్న పుస్తకాన్ని ఏనాడూ విప్పలేదు. వాళ్లు నన్ను నమ్మారు. ఆ నమ్మకాన్నే నా పరిజ్ఞానం అనుకున్నాను.

పుంగనూరులో మా చిన్నాయన ఫొటో స్టూడియోకి చేసిచ్చిన సిస్టం సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ప్రాసెసర్ మీద పెద్ద కూలర్ బిగించాక, ‘సీపీయూ ఫ్యాన్’ అని రాసున్న హెడర్ దాని కింద ఇరుక్కుపోయింది. వేళ్లు పోలేదు. విప్పి మళ్లీ బిగించే ఓపిక లేక, ఆ వైరును ఇంకోచోట ఖాళీగా ఉన్న ‘సిస్టం ఫ్యాన్’ హెడర్‌కి తగిలించాను. ఆన్ చేయగానే సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ అని చూపించి సిస్టం ఆగిపోయింది. బయాస్‌లోకి వెళ్లి ఆ హెచ్చరికను ‘ఇగ్నోర్’ చేశాను. ఇక ఎర్రర్ రాలేదు. ఫ్యానూ తిరిగింది.

నాలుగు పిన్నుల్లో ఒకటి గ్రౌండు, ఒకటి 12 వోల్టులు. మూడోది ఫ్యాను ఎంత వేగంగా తిరుగుతోందో బోర్డుకి చెబుతుంది. నాలుగోది ఎంత వేగంగా తిరగాలో ఫ్యానుకి చెబుతుంది. ఆ ఆదేశం సెకనుకి సుమారు 25,000 సార్లు ఆన్ అవుతూ ఆఫ్ అవుతూ ఉండే పీడబ్ల్యూఎం సంకేతంగా వెళ్తుంది. సీపీయూ హెడర్ ప్రాసెసర్ వేడిని బట్టి వేగం పెంచుతుంది. నేను తగిలించిన హెడర్ మాత్రం బోర్డు వేడిని చూస్తోంది. పెళ్లి వీడియో రెండర్ అవుతుంటే ప్రాసెసర్ 100 డిగ్రీల దరిదాపులకి చేరేది, ఫ్యాను మాత్రం నింపాదిగా తిరిగేది. తనను కాపాడుకోవడానికి ప్రాసెసర్ తన వేగాన్నే తగ్గించుకునేది.

చిన్నాయన ఫోన్ చేశాడు. “ఏం నాయనా, తెల్లార్లూ పెట్టినా వీడియో అయ్యేట్టు లేదే. పెండ్లోళ్లకి ఏం చెప్పేది?” ఎండాకాలం కదా, పైగా ర్యామ్ చాలడం లేదని చెప్పాను. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న సీమ మాది. ఇంతకంటే మండే విజయవాడలో, నెల్లూరులో స్టూడియోలు నడవడం లేదా? ఆ ప్రశ్న వేసుకోలేదు. ఆయన నా మాట మీద ర్యామ్ కొన్నాడు. ఏమీ మారలేదు.

నా కళ్లు తెరిపించింది కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయంలో చదివే మేనకోడలు. తన కంప్యూటర్లో ముచ్చటపడి ఐదు ఫ్యాన్లు పెట్టి, స్ప్లిట్టర్లతో అన్నింటినీ ఒకే హెడర్‌కి కలిపాను. ఒకరోజు అన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. నేను వెళ్లేసరికి ఆ పుస్తకం తెరిచి పెట్టుకుని ఉంది. “మామా, ఒక హెడర్‌కి ఒక ఆంపియరే అని ఇందులో రాసుంది. ఫ్యాను మీద 0.3 అని ఉంది. ఐదైతే ఒకటిన్నర కదా?” అంది. హెడర్ మాడిపోయింది. ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా కరెంటు తీసుకునే హబ్ ఒకటి పెట్టుంటే సరిపోయేది. ఆ రాత్రి ఆ పుస్తకం మొదటిసారి చదివాను. చదువుతుంటే పుంగనూరు స్టూడియో గుర్తొచ్చింది.

పలమనేరు మీదుగా తిరిగొస్తూ పుంగనూరులో దిగాను. కూలర్ విప్పి, వైరు సరైన చోట పెట్టి, బయాస్‌లో హెచ్చరికను మళ్లీ ఆన్ చేశాను. వీడియో ఆగకుండా రెండర్ అయింది. జరిగిందంతా చిన్నాయనకు చెప్పి ర్యామ్ డబ్బులు చేతిలో పెట్టాను. “తెలీదని ముందే చెప్పుంటే నేనేమన్నా అనేవాణ్ణా?” అన్నాడాయన.

వైరు తప్పుచోట పెట్టడం ఎవరికైనా జరుగుతుంది. నేను చేసిన అసలు తెలివితక్కువ పని, తప్పు జరిగిందని యంత్రం చెబుతుంటే దాని నోరు మూయించడం, ఆపైన నిందను ఎండ మీద వేయడం. ఇప్పుడు పుస్తకం చదవనిదే వైరు ముట్టుకోను. మూడు పిన్నుల ఫ్యానుకి బయాస్‌లో డీసీ మోడ్, నాలుగు పిన్నులదానికి పీడబ్ల్యూఎం మోడ్ పెడతాను. ఏ హెడర్ ఏ వేడిని చూస్తోందో సరిచూస్తాను. గంటసేపు బరువైన పని చేయించి, డిగ్రీలు చూశాకే మూత బిగిస్తాను. తెలియని చోట తెలియదని చెబుతాను. నమ్మి డబ్బు చేతిలో పెట్టినవాళ్లకి కనీసం ఆ మాట బాకీ ఉంటాం.