కిటికీ మార్పిడి శాస్త్రం

ఇంటి కిటికీ మార్చడంలో కిటికీ పాత్ర చాలా స్వల్పం. టేపు, కొటేషను, అడ్వాన్సు, మేస్త్రీ, లప్పం, వాస్తు, అపార్టుమెంటు సంఘం కార్యదర్శి, ఇవన్నీ కలిస్తే కిటికీ మార్పిడి అవుతుంది. వీటన్నిటి తర్వాత మెష్ వస్తుంది. వస్తుందని అంటారు.

చెక్క కిటికీకి వచ్చే జబ్బులు తెలిసినవే. వానాకాలంలో చెక్క ఉబ్బి, తెరిచిన రెక్క మూసుకోదు, మూసినది తెరుచుకోదు. వేసవిలో అదే చెక్క బిగదీసుకుని సందుల్లోంచి దుమ్ము పోస్తుంది. చెద సంగతి వేరు. చెద తిన్న ఫ్రేము పైన ఎనామిల్ రంగుతో నిగనిగలాడుతూనే ఉంటుంది; వేలితో నొక్కితే వేలు లోపలికి పోతుంది. టేకుకు చెద త్వరగా పట్టదు. అయితే టేకు సింహద్వారం దగ్గరే అయిపోతుంది. వెనక గది కిటికీలకు వేపో, మద్దో, మేస్త్రీ పేరు చెప్పని మరో కలపో వాడతారు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు వెనక గది దాకా వెళ్ళరు గనక ఇది చాలాకాలం బయటపడదు.

ప్రస్తుతం చాలామంది మొగ్గేది యూపీవీసీ వైపు. మెత్తబరిచే పదార్థం కలపని గట్టి పీవీసీ ఇది. చెద పట్టదు, ఉబ్బదు, రంగు అక్కర్లేదు. కిటికీ పెద్దదైతే లోపల జింకు పూత వేసిన స్టీలు పట్టీ పెట్టాలి. లేకపోతే ఎండకూ గాలికీ ఫ్రేము వంగుతుంది. ఆ పట్టీ ఉందో లేదో పైకి కనబడదు. అందుకని కొనేవారు షోరూములో ఫ్రేమును పుచ్చకాయను తట్టినట్టు వేళ్ళ కణుపులతో తట్టి చూసి, తృప్తిగా తలాడిస్తారు. పుచ్చకాయనైతే ఇంటికెళ్ళాక కోసి చూసుకోవచ్చు.

ధర చదరపు అడుగుకు చెబుతారు. మొదట చెప్పే ధరలో ఫ్రేము, మామూలు అద్దం ఉంటాయి. టఫెన్డ్ అద్దానికి వేరు, మెష్‌కు వేరు, హ్యాండిల్ తాళంతో కావాలంటే వేరు, రవాణా వేరు. గ్రిల్లు తమ పని కాదంటారు. మొత్తం మీద 18 శాతం జీఎస్టీ. బిల్లు కావాలా అని ఒకసారి మెల్లగా అడుగుతారు.

కొలతల దగ్గర రెండు నాగరికతలు ఎదురుపడతాయి. ఇల్లు కట్టినది అడుగులు, అంగుళాల్లో. కిటికీ తయారయ్యేది మిల్లీమీటర్లలో. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు. ఆ పాయింటు తర్వాత అంకె మేస్త్రీ దృష్టిలో గొడవపడాల్సిన విషయం కాదు. పైగా పాత గోడ ఎక్కడా నిలువుగా ఉండదు. వెడల్పు మూడుచోట్ల, ఎత్తు మూడుచోట్ల కొలిచి అన్నిటికంటే చిన్నది తీసుకోవాలని నియమం. తొందరలో ఒక్కచోట కొలిచి, రెండో కొలత ఫోనులో అడిగి రాసుకుంటారు. టఫెన్డ్ అద్దాన్ని 600 డిగ్రీలు దాటేలా కాల్చి, గాలితో ఒక్కసారిగా చల్లారుస్తారు; ఆ తర్వాత దాన్ని కొయ్యడం కుదరదు, కోస్తే మొత్తం చిన్నచిన్న ముక్కలై రాలిపోతుంది. అంటే కొలత తప్పితే అద్దాన్ని ఏమీ చెయ్యలేరు. గోడను మాత్రం కొట్టవచ్చు. కొడతారు.

రకాలు ముఖ్యంగా రెండు. జరిపేది స్లైడింగు, తెరిచేది ఓపెనబుల్. రెండు అద్దాల స్లైడింగులో ఒక అద్దం ఇంకోదాని వెనక్కి పోతుంది గనక ఎంత జరిపినా సగమే ఖాళీ అవుతుంది. గదికి వెలుతురూ గాలీ వచ్చే కిటికీల వైశాల్యం తేమతో కూడిన వేడి ప్రాంతాల్లో నేల వైశాల్యంలో ఆరో వంతు ఉండాలని భారత జాతీయ భవన నియమావళి చెబుతుంది. ఆ లెక్కన 120 చదరపు అడుగుల గదికి 5 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు కిటికీ అతికినట్టు సరిపోతుంది. దాని స్థానంలో స్లైడింగు పెడితే, 20 చదరపు అడుగులకు డబ్బు కట్టి 10 చదరపు అడుగుల గాలి కొనుక్కున్నట్టు. ఓపెనబుల్ పూర్తిగా తెరుచుకుంటుంది. కాకపోతే అద్దం బయటికి, మెష్ లోపలికి, మధ్యలో గ్రిల్లు. అద్దం తెరవాలంటే ముందు మెష్ తీసి, గ్రిల్లులోంచి చెయ్యి దూర్చి, హ్యాండిల్ వెతకాలి. ఈలోగా దోమలు లోపలికి వచ్చి కూర్చుంటాయి.

ఇక్కడ వాస్తు ప్రస్తావన తప్పదు. ఇంట్లో తలుపులు, కిటికీలు సరిసంఖ్యలో ఉండాలనీ, ఆ సంఖ్య చివర సున్నా రాకూడదనీ వాడుక. 8 మంచిది, 12 మంచిది, 10 పనికిరాదు. పాత ఇంట్లో పక్కపక్కనున్న రెండు చెక్క కిటికీలు తీసేసి ఒక పెద్ద స్లైడింగు పెట్టగానే లెక్క బేసికి పడుతుంది. అప్పుడు పుట్టే ప్రశ్న, మూడు అద్దాల స్లైడింగు ఒక కిటికీయా, మూడా? గోడలో కన్నమే కిటికీ అని ఒక వాదం. రెక్కలు లెక్కపెట్టాలని ఇంకో వాదం. ఏ విధంగా లెక్కిస్తే సరిసంఖ్య వస్తుందో ఆ విధంగా లెక్కించాలన్నది మూడోది. ఆచరణలో అనుయాయులు ఎక్కువ దీనికే. బాత్రూము వెంటిలేటరు కిటికీయేనంటారు, దాంట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను బిగిస్తే ఫ్యానంటారు. ఏసీ పైపుకోసం కొట్టిన బెజ్జం మీద ఏకాభిప్రాయం లేదు. గోడ అలమారా తలుపు తలుపేనా అన్నది పెద్దవాళ్ళున్న ఇళ్ళలో భోజనాల దగ్గర ఎత్తకూడని విషయం. రెక్కలవాదం ప్రకారం మెష్ కూడా రెక్కే, దానికంటూ ఒక ట్రాకు ఉంది కాబట్టి. రెండున్నర ట్రాకుల కిటికీలో ఆ అర ట్రాకు దానిదే. దాన్ని అర రెక్క కింద రాసుకోవాలేమో ఎవరూ తేల్చలేదు. మెష్ ఇంకా రాని ఇంట్లో కిటికీల సంఖ్య నేటికి బేసి, బిగించిన రోజున సరి. కాబట్టి దుకాణదారుడు ఆలస్యం చేసినన్నాళ్ళూ ఆ ఇంట్లో ఏ తలనొప్పి వచ్చినా కారణం సిద్ధంగా ఉంటుంది. ఇంత చర్చలో, కిటికీ తెరుచుకుంటుందా అని అడిగినవారు మాత్రం కనబడరు.

బిగింపు రోజున పాత ఫ్రేము పీకగానే చుట్టూ గోడ కొంత వెంట వస్తుంది. కొత్త ఫ్రేముకీ గోడకీ మధ్య సందు మిగులుతుంది. ఈ సందు ఎవరిది? మేస్త్రీ పని అంటాడు కిటికీ కుర్రాడు. కిటికీవాళ్ళే పూడ్చాలి కదండీ, అంటాడు మేస్త్రీ. లప్పం పెట్టడం వరకే తనదంటాడు పెయింటరు. ఆఖరికి సిలికాన్ ట్యూబుతో తెల్లటి గీత ఒకటి గీసి అందరూ వెళ్ళిపోతారు. ఫ్రేము అడుగున నీళ్ళు బయటికి పోయే చిన్న కన్నాలు ఉంటాయి. పూడ్చాల్సిన సందు వదిలేసినవాళ్ళు ఈ కన్నాలను మటుకు సిమెంటుతో శ్రద్ధగా పూడుస్తారు. మొదటి జడివానకు ట్రాకు నిండి నీళ్ళు గదిలోకి దిగుతాయి. ఫోను చేస్తే, వానకు కొంచెం నీళ్ళు రావడం మామూలే సార్, అంటారు. మామూలైతే పాతదే ఉండేది కదా.

శబ్దం రాదన్న హామీ ఒక్కటి చాలావరకు నెరవేరుతుంది. ఏసీ కోసం అద్దం మూశాక హారన్లు తగ్గుతాయి. ఆకుకూరల మనిషి కేక కూడా తగ్గుతుంది. పాత కిటికీ దగ్గర ఊచలు పట్టుకుని నిలబడి, కూరేం చేశావని పక్కింటి పెద్దావిడను అడగడానికి ఫోను అక్కర్లేకపోయేది. ఆవిడ ఇప్పటికీ పిలుస్తూనే ఉంటుందేమో. నాలుగుసార్లు పిలిచి పలకకపోతే ఎవరైనా మానేస్తారు. కిటికీ మార్చినవాళ్ళకు గర్వం వచ్చిందని వీధిలో అనుకుంటారు. వినబడలేదన్న సంగతి చెప్పుకునేందుకు కూడా ఆ కిటికీయే కావాలి.

పాత చెక్కను పాత కలప కొనేవాళ్ళు తీసుకెళతారు. చెద తినని టేకు ముక్కలుంటే మంచి ధర పలుకుతుంది కాబట్టి, చెత్తతోపాటు మేమే పడేస్తామని మేస్త్రీ చేసే సాయాన్ని ఒప్పుకోకూడదు.

వారంటీ కాగితం ప్రొఫైలు రంగు మారకపోవడానికి ఏళ్ళ తరబడి హామీ ఇస్తుంది. రోలర్లు, తాళాలు, మెష్ సాధారణంగా అందులో చేరవు. ముందుగా పాడయ్యేవి అవే. ఫ్రేము మీది ప్లాస్టిక్ పొరను కొత్తదనం కోసం ఉంచుకోవద్దు, ఎండకు జిగురు అతుక్కుపోయి మచ్చలు పడతాయి. నీళ్ళ కన్నాలను బిగించిన రోజే మగ్గుతో నీళ్ళు పోసి చూసుకోండి. అన్నిటికంటే ముఖ్యం, మెష్ వచ్చి, బిగించి, జరిపి చూసేదాకా ఆఖరి వాయిదా డబ్బు ఇవ్వకండి. ఇచ్చేసినవాళ్ళు దోమల బ్యాటు కొనుక్కోవడం మంచిది.