ఆకాశం ఎన్ని మార్కులు?

శంషాబాద్‌లో 2008 నుంచి విమానాలు పిల్లల నెత్తిమీదుగానే పోతున్నాయి. అక్కడి పదో తరగతి పిల్లాణ్ణి ‘ఆకాశం నీలంగా ఎందుకుందిరా’ అని అడగండి. తలెత్తి చూస్తే ఒట్టు! ‘రెండు మార్కులకా, నాలుగు మార్కులకా సార్?’ అంటాడు. ఆనక ‘కాంతి పరిక్షేపణం’ అంటూ గైడు మొత్తం అప్పజెబుతాడు. మరి పొద్దుగూకేటప్పుడు సూర్యుడు ఎర్రబడతాడేం? ‘అది వేరే ప్రశ్న సార్, చాయిస్‌లో వదిలేశా.’

వాణ్ణేం అంటాం? పెద్దలదీ అదే తీరు. దేశదేశాల పిల్లల చదువును పోల్చే ‘పీసా’ పరీక్షలో 2009లో తమిళనాడు, హిమాచల్ పిల్లలు చదవడంలో, లెక్కల్లో 74 ప్రాంతాల్లో ఒక్క కిర్గిజ్‌స్థాన్‌నే దాటగలిగారు. ప్రశ్నలే మనకు సరిపడవని ఢిల్లీ పెద్దలు అలిగారు. 2012, 2015, 2018ల్లో పరీక్షకే ఎగనామం! పదో తరగతి వాడు అలిగితే సప్లిమెంటరీ ఫీజు కట్టాలి. పెద్దలకు ఆ బాధా లేదు.