చిన్న పని ఉంది: ఒక పాత కారు ప్రకటనకు టీకా తాత్పర్యాలు

అవతారిక

కాళిదాసాది మహాకవులకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరిది మన మెదక్ జిల్లా కొల్చారం. మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ఆయన నియమం పెట్టుకున్నాడు. పాత కార్ల ప్రకటనలు రాసేవాళ్లు అందులో రెండో సగాన్ని ఆయనకన్నా నిష్ఠగా పాటిస్తారు. తమకు అక్కరలేనిది ఒక్క ముక్క చెప్పరు. అందుచేత ఈ సాహిత్యానికి వ్యాఖ్యాత అవసరం కావ్యాలకన్నా ఎక్కువ. కావ్యం బోధపడకపోతే పోయేది మార్కులు. ఇది బోధపడకపోతే పోయేది పీఎఫ్ డబ్బు.

ప్రస్తుత మూలం 2025 నాటిది, హైదరాబాదులో వెలసినది. కవి నామం లభ్యం కాలేదు, ఫోన్ నంబరు మాత్రం దక్కింది.

మూలం

“అర్జెంట్ సేల్. 2011 సూపర్బ్, డీజిల్ ఆటోమేటిక్. డాక్టర్ గారి బండి. సింగిల్ హ్యాండ్. 98 వేలు తిరిగింది, జెన్యూన్. ఫ్యాన్సీ నంబర్. నాన్ యాక్సిడెంటల్. ఏసీ చిల్డ్. చిన్న పని ఉంది. 3.75, స్లైట్లీ నెగోషియబుల్. టైంపాస్ గాళ్లు ఫోన్ చేయొద్దు.”

టీక

అర్జెంట్ సేల్ = త్వరపడి చేయు విక్రయము. ఎవరికి త్వర? కవికే. దీనికి కారణం తరువాతి పదంలోని అంకెలో దాగి ఉంది.

2011 సూపర్బ్ = ఆ సంవత్సరమున పుట్టిన స్కోడా వారి రెండవ తరపు సూపర్బ్; డీజిల్ = రెండు లీటర్ల ఇంజిను, నూటనలభై గుర్రముల బలము గలది; ఆటోమేటిక్ = ఆరు గేర్లు, రెండు క్లచ్చులు గలది.

ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది. 2011కు పదిహేను కలిపితే 2026. అప్పుడు బండి ఫిట్‌నెస్ పరీక్షకు నిలబడాలి, అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ తిరగరాయించాలి, హరిత పన్ను కట్టాలి. ఆ తిరగరాత రుసుము ఒకప్పుడు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి 5,000. ఈ ఘట్టం రాకముందే నాయకుణ్ణి ఇంకొకరి చేతిలో పెట్టేయాలన్నది కవి హృదయం.

ఈ మోడల్ 2009లో మన దేశానికి వచ్చింది, ఔరంగాబాదులో బిగించేవారు. కొత్తలో ఇరవై లక్షలు దాటి పలికింది. వెనక సీట్లో కాలు మీద కాలు వేసుకుని కూర్చోవచ్చు. డిక్కీ రెండు విధాల తెరుచుకుంటుంది: మూత ఒక్కటే లేపొచ్చు, కావాలంటే వెనక అద్దంతో సహా మొత్తం లేపొచ్చు. వెనక తలుపు అంచులో ఒక గొట్టం, అందులో గొడుగు. ఛత్రచామరాల్లో చామరం సంగతి ఏసీ చూసుకుంటుందని కాబోలు, ఛత్రం ఒక్కటే ఇచ్చారు. పాత సూపర్బ్ చూడబోయినవాడు బానెట్ ఎత్తకముందే ఆ గొట్టంలో చెయ్యి పెట్టాలని వ్యాఖ్యాత మతం. పద్నాలుగేళ్ల తరువాత కూడా గొడుగు అక్కడే ఉంటే ఆ ఇంట్లో సర్వీసు బిల్లులు కూడా ఫైల్లో వరసగా ఉంటాయి.

డాక్టర్ గారి బండి = వైద్యునిచే వాడబడినది. ఇది ఉపాధి చెప్పి గుణాన్ని స్ఫురింపజేయడం. డాక్టరు మనుషుల గుండెను చూసుకున్నట్టే ఇంజినునూ చూసుకుంటాడని ధ్వని. ప్రామాణికులు ఒప్పుకోరు. డాక్టరు ఇంటినుంచి క్లినిక్కుకి, క్లినిక్కునుంచి ఆసుపత్రికి పోతాడు. నాలుగు కిలోమీటర్లు, ఆపు. మూడు కిలోమీటర్లు, ఆపు. డీజిల్ ఇంజిను బాగా వేడెక్కకముందే ఆగిపోతుంటే లోపల మసి పేరుకుంటుంది, ముఖ్యంగా ఈజీఆర్ వాల్వులో. వారానికి రెండుసార్లు విజయవాడ వెళ్లొచ్చే కాంట్రాక్టరు బండి ఇంతకన్నా ఆరోగ్యంగా ఉంటుంది. కాని “కాంట్రాక్టర్ గారి బండి” అని రాసిన కవి ఇంతవరకు పుట్టలేదు.

సింగిల్ హ్యాండ్ = ఏకహస్తగతము. ఇక్కడ అన్వయక్లేశం ఉంది. ఆర్‌సీలో పేరు ఒక్కటే అన్నది నిజమే కావచ్చు. కాని మొదటి యజమాని ఫారం 29, ఫారం 30 మీద తేదీ లేకుండా సంతకాలు చేసి మొదటి బ్రోకరుకిస్తాడు, ఆయన రెండో ఆయనకిస్తాడు, ఆయన తన బావమరిదికిస్తాడు. ముగ్గురూ తలా ఆర్నెల్లు తిప్పుతారు. కాగితం మీద ఇంకా డాక్టరుగారే. యాజమాన్యం మారిన సంగతి పద్నాలుగు రోజుల్లో తెలియజేయాలని మోటారు వాహనాల చట్టం చెబుతుంది. ఈలోగా ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్నవాడిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. కనుక ఈ పదం చదివి కంగారు పడాల్సినవాడు కొనేవాడికన్నా ముందు పాపం ఆ డాక్టరు. కొనేవాడు అడగాల్సింది ఒకటే: ఆర్‌సీలో పేరున్న మనిషి ఎదురుగా కనిపిస్తాడా, లేదా?

98 వేలు తిరిగింది = తొంబది యెనిమిది వేల కిలోమీటర్లు సంచరించినది; జెన్యూన్ = నిజముగా.

ఇదే ఈ కావ్యానికి జీవగర్ర, కాస్త ఆగాలి. పద్నాలుగేళ్లలో 98 వేలంటే ఏడాదికి ఏడు వేలు, రోజుకు పంతొమ్మిది. రోజుకు పంతొమ్మిది కిలోమీటర్లు పోయే మనిషి పెట్రోలు కన్నా అదనంగా పెట్టి డీజిల్ బండి ఎందుకు కొన్నాడని ఆక్షేపం. సమాధానాలు రెండు. ఒకటి, పైన చెప్పిన డాక్టరు లక్షణం. రెండు, మీటరు తిప్పారు. రెండో పక్షాన్నే బహుజనులు ఆదరించారు.

ప్రమాణాలు ఎక్కడ దొరుకుతాయి? బ్రేకు పెడలు రబ్బరు చూడాలి, దాని గీతలు అరిగి నున్నబడ్డాయా? స్టీరింగు మీద ఎడమ బొటనవేలు ఆనే చోట తోలు మెరుస్తోందా? డ్రైవరు సీటు కుడి అంచు కుంగిందా? లక్ష లోపు తిరిగిన బండికి ఈ లక్షణాలు అంతగా ఉండవు. టైరు పక్కగోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది, 2318 అంటే 2018లో 23వ వారంలో తయారైందని. అయితే ఇవన్నీ అనుమాన ప్రమాణాలే. శాసన ప్రమాణం బండి లోపలే ఉంది. స్కానరు తగిలిస్తే పాత తప్పుల జాబితా బయటికి వస్తుంది, ఏ తప్పు ఎన్ని కిలోమీటర్ల దగ్గర నమోదైందో దాని పక్కనే ఉంటుంది. 98 వేల బండిలో 1,61,000 దగ్గర నమోదైన తప్పు కనిపిస్తే ఇక తర్కం అక్కరలేదు. మీటరు తిప్పినవాడికి అద్దం వెనకున్న అంకెలు గుర్తుంటాయి, ఈ జాబితా గుర్తుండదు.

“జెన్యూన్” అన్న విశేషణం గురించి ఒక మాట. అడగకుండా నిజమని చెప్పడం పునరుక్తి దోషం. పైగా స్కోడా చేరిన వంశానికి ఆ మాట అచ్చిరాలేదు. ఫోక్స్‌వాగన్ కుటుంబపు డీజిల్ ఇంజిన్లు పొగ పరీక్షను పసిగట్టి, పరీక్షలో ఒక రకంగా, రోడ్డు మీద ఇంకో రకంగా నడుచుకుంటున్నాయని 2015లో అమెరికాలో బయటపడింది. మన దేశంలోనూ దాదాపు 3.23 లక్షల బండ్లకు సాఫ్ట్‌వేర్ సరిచేస్తామని కబురు పెట్టారు, అందులో సూపర్బ్‌లూ ఉన్నాయి. అలాంటి నాయకుడికి ఇలాంటి కవి దొరకడం ఔచిత్యమే.

వ్యాఖ్యాత సిద్ధాంతం ఇది: బిల్లులు లేని 98 వేలకన్నా బిల్లులున్న రెండు లక్షలు మేలు. ఆరు గేర్ల ఈ రెండు క్లచ్చుల పెట్టెలో నూనె అరవై వేల కిలోమీటర్లకోసారి మార్చాలి. రెండు లక్షల బండికి మూడుసార్లు మార్చిన రసీదులు చేతికిస్తే ఆ అంకె చూసి భయపడనక్కరలేదు. 98 వేల బండికి ఒక్క రసీదూ లేకపోతే ఆ చిన్న అంకె చూసి మురిసిపోనూ అక్కరలేదు.

ఫ్యాన్సీ నంబర్ = అంకెలు కూడిన తొమ్మిది వచ్చునది. ఈ వయసు హైదరాబాదు బండి మీద కనిపించే ఏపీ 09 అంటే ఖైరతాబాదు ఆర్టీఏ. అక్కడి వేలంలో కొన్న తొమ్మిది ముందుగా ప్రభుత్వానికి కలిసొచ్చింది. 2014 జూన్ తరువాత ఇక్కడ నమోదైనవి టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ. పాతవి ఏపీ అక్షరాలతోనే తిరుగుతున్నాయి. తాళపత్ర ప్రతిలా ఈ బోర్డే వయసు చెబుతుంది.

నాన్ యాక్సిడెంటల్ = ప్రమాదరహితము. బానెట్ బోల్టుల మీద రెంచి గీతలుంటే పాఠం చెడిందని గ్రహించాలి.

ఏసీ చిల్డ్ = శీతలము. సులభము.

చిన్న పని ఉంది = స్వల్పమగు మరమ్మతు కలదు.

ఆహా! కావ్యమంతా దీనికోసమే పుట్టింది. మూడు పదాల్లో మహాకావ్యానికి సరిపడా వస్తువు. “చిన్న” అన్నది సాపేక్షం. ఎవరికి చిన్న? అమ్మేవాడికి. పని చేయించబోయేది అతను కాదు గనక. చిన్నదైతే తానే చేయించి ఇంకో పాతిక వేలు ఎక్కువ చెప్పేవాడు కదా అని పూర్వవ్యాఖ్యాతల ఆక్షేపం. దానికి ఇంతవరకు ఎవరూ సమాధానం రాయలేదు.

ఏమిటా పని? వాచ్యార్థంలో సెన్సరు. లక్ష్యార్థంలో కింది ఆర్ములు, బుష్‌లు, ఇంజిను మౌంట్లు. వ్యంగ్యార్థంలో గేర్‌బాక్సు. చల్లగా ఉన్నప్పుడు బండి బంగారంలా పోతుంది, అందుకే అమ్మేవాడు పొద్దున్నే రమ్మంటాడు. ముప్పావుగంట ట్రాఫిక్‌లో నడిపాక ఒకటి నుంచి రెండుకు పోయేటప్పుడు చిన్న కుదుపు వస్తే అక్కడ యతిభంగమైంది. క్లచ్చులను నడిపించే మెకట్రానిక్ అనే భాగం పోయిందంటే మార్పించడానికి లక్ష దాటుతుంది. ఇక టైమింగ్ బెల్టు. అది తెగితే పిస్టన్లు, వాల్వులు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి, ఇంజిను పోతుంది. తెగేముందు ఏ శకునమూ కనిపించకపోవచ్చు. ఎప్పుడు మార్చారో రుజువు లేకపోతే కొన్న వారంలోనే, వాటర్ పంపుతో కలిపి, మార్చేయాలి.

3.75 = ఇక్కడ “లక్షలు” అన్నది అధ్యాహార్యం. ఇరవై లక్షల బండి ధర అయిదో వంతుకన్నా కిందికి దిగింది. దిగింది ధర ఒక్కటే. బుష్‌కు, హెడ్‌లైటుకు, ఏసీ కంప్రెసరుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, అవి ఇంకా ఇరవై లక్షల బండి సామాన్లుగానే ఉన్నాయి. పట్టుచీర సంతలో మూడొందలకు దొరికినా డ్రైక్లీనింగు వాడు పట్టుచీర రేటే తీసుకుంటాడు. ఇన్సూరెన్సూ అంతే: 1500 సీసీ దాటిన కారుకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022 నుంచి ఏడాదికి 7,897 రూపాయలు. బండి పాతదని తగ్గదు. అమ్మేవాడి నో క్లెయిమ్ బోనస్ బండితో రాదు, మనిషితోనే పోతుంది. కాబట్టి 3.75 ఇచ్చినవాడు పక్కన ఇంకో లక్ష, లక్షన్నర పెట్టుకోకపోతే కొన్నట్టు లెక్కలేదు.

సామాన్లకు మార్గాంతరం ఉంది. హైదరాబాదు పుత్లీబౌలి, విజయవాడ ఆటోనగర్, అక్కడా దొరక్కపోతే ఢిల్లీ మాయాపురి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగరాదన్న ఆంక్ష వచ్చాక కొన్ని ఎన్‌ఓసీ పట్టుకుని దక్షిణానికి వచ్చాయి, కొన్ని ముక్కలుగా వచ్చాయి. ఒక్కోసారి మన బండికి బిగించిన ఆల్టర్నేటరు మనకన్నా ముందే దేశాటనం చేసి ఉంటుంది.

అయినా ఎందుకు కొంటారని పూర్వపక్షం. అదే డబ్బుకు కొత్తది కావాలంటే దేశంలో అన్నింటికన్నా చిన్న బండ్ల దగ్గరే ఆగాలి. ఈ సూపర్బ్ సూర్యాపేట దాటాక వందలో పోతున్నప్పుడు లోపల మాటలు మెల్లగా మాట్లాడుకోవచ్చు. మోకాళ్ల నొప్పులున్న అమ్మ వెనక సీట్లోంచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగుతుంది. ఫంక్షన్ హాలు దగ్గర వాచ్‌మన్ మోడల్ ఏ ఏడాదిదని అడగడు, సలాం కొట్టి లోపలికి పంపుతాడు. నమ్మకమైన మెకానిక్కు, ఇంట్లో ఇంకో చిన్న బండి ఉన్నవాడికి ఇది తెలివితక్కువ బేరమేమీ కాదని వ్యాఖ్యాత తీర్పు. ఉన్న ఒక్క బండీ ఇదే అయి, దీని మీదే ఆఫీసుకు పోవాల్సినవాడికి మాత్రం బస్సుపాసు మేలు.

స్లైట్లీ నెగోషియబుల్ = స్వల్పముగా తగ్గింపదగినది. “స్లైట్లీ” అంటే అమ్మేవాడి నిఘంటువులో అయిదు వేలు, కొనేవాడి నిఘంటువులో ఎనభై వేలు. ఇద్దరికీ మధ్య స్కానరు రిపోర్టు పెడితే అర్థం స్థిరపడుతుంది.

టైంపాస్ గాళ్లు ఫోన్ చేయొద్దు = కాలక్షేపకులు పలుకరింపరాదు. “బ్రోకర్లు ఫోన్ చేయొద్దు” అని పాఠాంతరం. ఆ పాఠం బ్రోకర్లు రాసిన ప్రకటనల్లోనే ఎక్కువ.

ఈ టైంపాస్ గాళ్లు ఎవరన్నది వివాదాస్పదం. నిర్ణయం కోసం వ్యాఖ్యాత స్వయంగా ఫోన్ చేశాడు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారని అడిగాడు. మార్చారండీ అన్నారు. గేర్ నూనె బిల్లుందా అన్నాడు. డాక్టరు గారి దగ్గరుంటుందన్నారు. డాక్టరు గారితో ఒక్కసారి మాట్లాడొచ్చా అన్నాడు. ఆయన అమెరికాలో ఉన్నారన్నారు. స్కానరు తెచ్చుకుంటాను, సాయంత్రం ట్రాఫిక్‌లో ఒక రౌండు వేయనిస్తారా అన్నాడు.

“సార్, మీరు కొనే పార్టీ కాదు” అని అవతల పెట్టేశారు.